మూడు కొలతలు, మూడు తుప్పు రేట్లు: దేన్ని నమ్మాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మెకానికల్ ఇంజినీరింగ్ చదివి లోహాల తుప్పును కొలిచే ప్రయోగశాలలో కొత్తగా చేరారు. ఒక మైల్డ్ స్టీల్ ముక్కను 3.5 శాతం ఉప్పునీటిలో ఉంచి, లోహం పొటెన్షియల్‌ను కావలసినట్టు జరుపుతూ కరెంటును కొలిచే పొటెన్షియోస్టాట్ అనే పరికరంతో వరుసగా మూడుసార్లు టాఫెల్ కర్వ్, అంటే పొటెన్షియల్‌ను బట్టి కరెంటు లాగరిథమ్ ఎలా మారుతుందో చూపే గ్రాఫ్, తీశారు. సాఫ్ట్‌వేర్ ఏడాదికి 0.09, 0.21, 0.38 మిల్లీమీటర్లు అని మూడు రేట్లు చూపించింది. వీటిలో దేన్ని నమ్మాలి, నేరుగా ఇంపెడెన్స్ (ఏకాంతర వోల్టేజికి ఎదురయ్యే అవరోధాన్ని కొలిచే) పద్ధతికి వెళ్తే ఈ చిక్కు తీరుతుందా, అసలు ఈ విద్య ఏ వరుసలో నేర్చుకోవాలి అన్నవి మీ ప్రశ్నలు.

ఆ మూడింటిలో దేన్నీ నమ్మవద్దు. మీ పరికరం చెడిపోయిందని నేను అనడం లేదు. పొటెన్షియోస్టాట్ కొలిచేవి పొటెన్షియల్, కరెంటు, కాలం మాత్రమే. తుప్పు రేటును అది కొలవదు. ఆ మూడు రాశుల నుంచి తుప్పు రేటును మనం ఊహించి రాబడతాం, ఆ ఊహ వెనుక కొన్ని షరతులు ఉంటాయి. ఆ షరతులు మీ ప్రయోగంలో నెరవేరాయో లేదో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు, తెలుసుకోవలసింది మీరే. ఈ రంగంలో నేర్చుకోవలసినదంతా చాలావరకు ఆ షరతులను గుర్తుపట్టడమే కాబట్టి, ఈ సమాధానం పొడుగునా వాటి గురించే చెబుతాను. తుప్పు అన్న మాట ఖచ్చితంగా ఇనుముకే చెందినా, ఇక్కడ దాన్ని అన్ని లోహాల క్షయానికీ వాడుతున్నాను.

ముందుగా అసలు జరిగేదేమిటో కంటితో చూడండి. 1920ల్లో కేంబ్రిడ్జ్‌లో పనిచేసిన యూ. ఆర్. ఎవాన్స్ చేసి చూపిన ఉప్పునీటి చుక్క ప్రయోగాన్ని నేను కొత్తగా చేరినవారందరి చేతా మొదటి రోజే చేయిస్తాను. బాగా రుద్ది శుభ్రం చేసిన ఇనుప రేకు మీద, కొద్దిగా ఫినాఫ్తలీన్, పొటాషియం ఫెర్రిసయనైడ్ కలిపిన ఉప్పునీటి చుక్కను ఒకటి వేసి కదపకుండా చూడాలి. మొదట చుక్క అడుగున అక్కడక్కడా నీలం మచ్చలు, గులాబీ మచ్చలు కలగాపులగంగా కనిపిస్తాయి. కొంతసేపటికి అవి సర్దుకుని, చుక్క అంచు చుట్టూ గులాబీ వలయం, నడిమిన నీలం ఏర్పడతాయి. అంచు దగ్గర గాలిలోని ఆక్సిజన్ సులువుగా అందుతుంది కనుక అక్కడ ఆక్సిజన్ క్షయకరణం చెంది హైడ్రాక్సైడ్ అయాన్లు పుడతాయి, ఫినాఫ్తలీన్‌ను గులాబీగా మార్చేవి అవే. నడిమిన ఇనుము కరిగి ఫెర్రస్ అయాన్లుగా మారుతుంది, అవి ఫెర్రిసయనైడ్‌తో కలిసి నీలం రంగునిస్తాయి. ఒకే లోహపు ముక్క మీద, వెంట్రుకవాసి దూరంలో, ఒకచోట ఆనోడ్ (లోహం కరిగే చోటు), మరోచోట కాథోడ్ (ఆక్సిజన్ క్షయకరణం చెందే చోటు) పనిచేస్తున్నాయి, ఆ రెండింటి మధ్య కరెంటు లోహంలోనే ప్రవహిస్తోంది. బయట మీటరు పెట్టి ఆ కరెంటును కొలవడానికి మనకు దారి లేదు. మన పద్ధతులన్నీ ఈ అందని కరెంటును పరోక్షంగా పట్టుకునే ప్రయత్నాలే.

ఆ ప్రయత్నానికి ఆధారం 1938లో వాగ్నర్, ట్రౌడ్ ప్రతిపాదించిన మిశ్రమ పొటెన్షియల్ సిద్ధాంతం. లోహం కరిగే వేగమూ, ఆక్సిజన్ లేదా హైడ్రోజన్ అయాన్లు క్షయకరణం చెందే వేగమూ ఒకదానితో మరొకటి సరితూగే పొటెన్షియల్ దగ్గర లోహం తనంతట తాను నిలుస్తుంది. దాన్నే తుప్పు పొటెన్షియల్ అంటాం. అక్కడ బయటి కరెంటు సున్నా, లోపలి కరెంటు మాత్రం సున్నా కాదు. మీరు బయటి నుంచి పొటెన్షియల్‌ను కొద్దిగా జరిపితే ఆ తూకం చెదిరి, తేడా కరెంటు బయటికి కనిపిస్తుంది. ఆ తేడా ఎంత తొందరగా పెరుగుతోందో చూసి లోపలి కరెంటును అంచనా వేస్తాం.

ఇక మీ మూడు సంఖ్యల దగ్గరికి వద్దాం. మీరు ఒకే ముక్క మీద వరుసగా మూడుసార్లు కర్వ్ తీశారు. ప్రతిసారీ తుప్పు పొటెన్షియల్‌కు అటూ ఇటూ 250 మిల్లీవోల్టుల దాకా లాగినట్టు మీ వివరాలలో ఉంది. ఆనోడ్ వైపు అంత దూరం లాగితే ఉపరితలం బాగా కరుగుతుంది, కరుకుదేలుతుంది, దాని మీద తుప్పు పొర పేరుకుంటుంది, దాని చుట్టూ ద్రావణం కూడా మారుతుంది. రెండో కర్వ్ మొదలయ్యేసరికి మీ ఎదుట ఉన్నది మొదటి ముక్క కాదు. కాబట్టి మీ మూడు సంఖ్యలు ఒకే వస్తువు మీద మూడు కొలతలు కావు, మూడు వేర్వేరు వస్తువుల మీద ఒక్కొక్క కొలత. టాఫెల్ కర్వ్ ఉపరితలాన్ని పాడుచేసే పరీక్ష. ఒక ముక్కకు ఒకే కర్వ్, అదీ చిట్టచివర.

రెండో తప్పు ఇంకా లోతైనది. టాఫెల్ 1905లో చూపిన సరళరేఖ సంబంధం, అంటే కరెంటు లాగరిథమ్‌కూ పొటెన్షియల్‌కూ మధ్య ఉండే సంబంధం, ఎలక్ట్రాన్ బదిలీ వేగమే మొత్తం చర్యను నియంత్రిస్తున్నప్పుడు వర్తిస్తుంది. గాలి తగిలే తటస్థ ఉప్పునీటిలో ఉక్కు తుప్పును నియంత్రించేది అది కాదు. 25 డిగ్రీల దగ్గర నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాములే. అంత కొద్ది ఆక్సిజన్ ఉపరితలం దాకా విసరణ చెంది చేరే వేగమే అక్కడ పగ్గం. అందువల్ల కాథోడ్ వైపు కర్వ్ ఒక మేరకు నిలువుగా లేస్తుంది, అంటే పొటెన్షియల్ ఎంత మారినా కరెంటు దాదాపు పెరగదు. ఆ నిలువు భాగం మీద సాఫ్ట్‌వేర్ బలవంతంగా ఒక గీత గీసి, దాని వాలును కాథోడిక్ టాఫెల్ వాలు అని చూపిస్తుంది. మీ ఫలితాల పట్టికలో ఆ వాలు డెకేడ్‌కు (అంటే కరెంటు పది రెట్లు మారడానికి) 300 లేదా 400 మిల్లీవోల్టులు అని ఉంటే, అక్కడ టాఫెల్ గీతే లేదని ఆ సంఖ్య మీకు చెబుతున్నట్టు. అలాంటప్పుడు గీతలు పొడిగించడం మానేసి, కాథోడ్ వైపు పరిమిత కరెంటు ఎంతో నేరుగా చదవండి. ఈ ద్రావణంలో తుప్పు కరెంటు దానికి చాలా దగ్గరగా ఉంటుంది. ద్రావణాన్ని కాసేపు కలియబెట్టి చూడండి, ఆ కరెంటు వెంటనే పెరిగితే విసరణే పగ్గమని మీకు మీరే నిరూపించుకున్నట్టు.

ఎలక్ట్రాన్ బదిలీ నియంత్రణలో ఉన్న వ్యవస్థలోనైనా, తుప్పు పొటెన్షియల్‌కు కనీసం 50 నుంచి 100 మిల్లీవోల్టులు దూరం జరిగాకే గీత మొదలుపెట్టాలి, ఆ గీత కనీసం ఒక పూర్తి డెకేడ్ కరెంటు మేర సరళంగా ఉండాలి. అది లేనప్పుడు టాఫెల్ వాలులు రాయకపోవడమే నిజాయితీ. ఎన్నో నివేదికల్లో ఐదారు దశాంశ స్థానాలతో అచ్చయిన వాలులను, అసలు కర్వ్‌లో సరళరేఖే లేని చోట, చూశాను. అవి చదివిన ఇంజినీరు గొట్టం మందాన్ని వాటి ఆధారంగానే నిర్ణయిస్తాడన్న భయం నాకు ఇప్పటికీ ఉంది.

నేర్చుకునే వరుస గురించి అడిగారు. మొదటి రెండు వారాలు పొటెన్షియోస్టాట్ జోలికి వెళ్ళవద్దు. మంచి వోల్ట్‌మీటరు, రెండు రిఫరెన్స్ ఎలక్ట్రోడ్లు (తమ పొటెన్షియల్ మారకుండా నిలిచి కొలతకు ఆధారమయ్యేవి) చాలు. ఆ రెండు ఎలక్ట్రోడ్లూ ఒకే రకానివి తీసుకుని ఒకే బీకరులో ముంచి, వాటి మధ్య తేడా రెండు మూడు మిల్లీవోల్టులు దాటకుండా ఉందో లేదో చూడండి. దాటితే ఒకటి చెడింది. ఒక మంచి ఎలక్ట్రోడ్‌ను ప్రయోగాలలో వాడకుండా, మిగిలినవాటిని సరిచూసేందుకే పక్కన పెట్టుకోండి. సంతృప్త కాలమెల్ ఎలక్ట్రోడ్ ప్రామాణిక హైడ్రోజన్ ఎలక్ట్రోడ్ కన్నా 25 డిగ్రీల దగ్గర 0.241 వోల్టులు పైన ఉంటుంది, సంతృప్త పొటాషియం క్లోరైడ్‌లోని సిల్వర్–సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్ 0.197 వోల్టులు పైన ఉంటుంది. ఈ 44 మిల్లీవోల్టుల తేడా గుర్తులేక, ఒకరి ఫలితాన్ని మరొకరి ఫలితంతో పోల్చి ఉక్కు మెరుగైందని రాసినవారున్నారు. ఏ ఎలక్ట్రోడ్‌తో కొలిచారో రాయని పొటెన్షియల్‌కు అర్థం లేదు.

తర్వాత మీ ఉక్కు ముక్కను ఉప్పునీటిలో ముంచి, కరెంటేమీ ఇవ్వకుండా, దాని పొటెన్షియల్ కాలంతో ఎలా మారుతుందో రోజంతా గమనించండి. ఇది చప్పటి పనిలా అనిపిస్తుంది గాని, దీనికి మించిన పాఠం లేదు. మైల్డ్ స్టీల్ పొటెన్షియల్ మొదటి గంటలో వేగంగా కిందికి దిగి, తర్వాత నెమ్మదిస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ పొటెన్షియల్ దాని మీది సన్నటి ఆక్సైడ్ రక్షణ పొర గట్టిపడే కొద్దీ మెల్లగా పైకి పాకుతుంది. పొటెన్షియల్ ఇంకా జారుతూ ఉండగానే కర్వ్ మొదలుపెడితే, మీరు చేసే మార్పూ దానంతట అది మారే మార్పూ కలిసిపోతాయి. గంటసేపు ఆగడం మామూలు వాడుక. గడియారం కన్నా గ్రాఫ్‌ను చూసి నిర్ణయించడం మేలని నా అభిప్రాయం.

ఆ తర్వాత పొటెన్షియోస్టాట్‌ను లోహానికి కలపకుండా, ముందు ఒక నకిలీ సెల్‌కు కలపండి. 100 ఓముల నిరోధకం ఒకటి, దానికి వరుసలో 3,000 ఓముల నిరోధకమూ 10 మైక్రోఫారడ్ కెపాసిటరూ పక్కపక్కన సమాంతరంగా. దీనికి నెమ్మదిగా 10 మిల్లీవోల్టులు ఇస్తే కరెంటు దాదాపు 3.2 మైక్రోఆంపియర్లు రావాలి. ఇంపెడెన్స్ తీస్తే 100 దగ్గర మొదలై 3,100 దగ్గర ముగిసే అర్ధవృత్తం, దాని శిఖరం సుమారు 5 హెర్ట్జ్ దగ్గర రావాలి. జవాబు ముందే తెలిసిన లెక్క ఇది. ఇది సరిగా రాకపోతే తప్పు వైర్లలోనో, పరికరంలోనో, మీ సెట్టింగులలోనో ఉంది, లోహంలో మాత్రం లేదు. దీని తర్వాత నిజమైన లోహంతో సరిచూసుకోవడానికి ఏఎస్‌టీఎం (పదార్థాల పరీక్షలకు ప్రమాణాలు రూపొందించే సంస్థ) జీ5 పరీక్ష ఉంది. 30 డిగ్రీల దగ్గర ఒక నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో 430 రకం స్టెయిన్‌లెస్ స్టీల్‌కు తీసిన కర్వ్ ఆ ప్రమాణంలో ఇచ్చిన పట్టీ లోపల పడాలి. నా దగ్గర నేర్చుకునేవారు ఈ పట్టీలో పడేదాకా తమ సొంత నమూనాలను ముట్టుకోరు.

ఇప్పుడు పోలరైజేషన్ నిరోధం. మీకు రోజువారీ పనికి ఎక్కువగా పనికొచ్చేది ఇదేనని నా నమ్మకం. తుప్పు పొటెన్షియల్‌కు అటూ ఇటూ 10 నుంచి 30 మిల్లీవోల్టుల మేర మాత్రమే, సెకనుకు 0.167 మిల్లీవోల్టుల నిదానంతో జరిపి, సున్నా కరెంటు దగ్గర పొటెన్షియల్–కరెంటు గీత వాలును తీసుకుంటాం. ఇంత కొద్దిగా కదిలిస్తే ఉపరితలం పెద్దగా చెడదు, అదే ముక్కను మర్నాడు మళ్ళీ కొలవవచ్చు. 1957లో స్టెర్న్, గియరీ చూపినట్టు, తుప్పు కరెంటు ఈ నిరోధానికి విలోమానుపాతంలో ఉంటుంది. ఆ నిరోధంతో భాగించవలసిన స్థిరాంకం రెండు టాఫెల్ వాలుల లబ్ధాన్ని, వాటి మొత్తానికి 2.303 రెట్లతో భాగిస్తే వస్తుంది. రెండు వాలులూ డెకేడ్‌కు 120 మిల్లీవోల్టులైతే ఆ స్థిరాంకం 26 మిల్లీవోల్టులు.

ఒక లెక్క వేసి చూద్దాం. మీ ఉక్కుకు చదరపు సెంటీమీటరుకు లెక్కగట్టిన నిరోధం 2,600 ఓములు వచ్చిందనుకోండి. 26 మిల్లీవోల్టులను దానితో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు 10 మైక్రోఆంపియర్లు. ఇనుముకు ఒక మైక్రోఆంపియర్ అంటే ఏడాదికి 0.0116 మిల్లీమీటర్ల నష్టం, కనుక రేటు 0.116 మిల్లీమీటర్లు. అయితే పైన చెప్పినట్టు ఆక్సిజన్ విసరణే పగ్గమైతే కాథోడిక్ వాలు అనంతమన్నట్టే, అప్పుడు స్థిరాంకం 52 మిల్లీవోల్టులవుతుంది, రేటు 0.23కి పెరుగుతుంది. కొలత ఒక్కటే, ఊహ మారితే రేటు రెట్టింపైంది. మీ సంఖ్యలలో కనిపించిన తేడా ఎంత సులువుగా పుట్టగలదో దీన్నిబట్టి తెలుస్తుంది. అందుకే నివేదికలో కొలిచిన నిరోధాన్నీ వాడిన స్థిరాంకాన్నీ విడివిడిగా రాయాలి. చదివేవారు కావాలంటే తమ స్థిరాంకంతో మళ్ళీ లెక్కగట్టుకుంటారు.

ద్రావణం నిరోధాన్ని తీసివేయడం కూడా మరవకూడదు. కొలిచిన 2,600లో ద్రావణానిదే 600 ఓములైతే అసలు నిరోధం 2,000 మాత్రమే, కరెంటు 10 కాదు, 13. ఉప్పునీటిలో ఇది చిన్న దోషమే గాని, శుద్ధజలంలోనూ కాంక్రీటులోనూ ఇది ఫలితాన్ని మింగేస్తుంది. రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌ను నమూనా దగ్గరికి కలిపే సన్నటి లగ్గిన్ గొట్టం మొనను నమూనాకు దగ్గరగా ఉంచాలి, అయితే మొన వ్యాసానికి రెండింతల కన్నా దగ్గరికి జరిపితే అదే కరెంటుకు అడ్డుపడుతుంది.

వేగం గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే పని త్వరగా ముగించాలని చాలామంది సెకనుకు 5 లేదా 10 మిల్లీవోల్టుల వేగంతో కర్వ్‌లు తీస్తున్నారు. లోహానికీ ద్రావణానికీ మధ్య ఉండే ద్విస్తరం (ఎదురెదురు ఆవేశాల జంట పొర) చదరపు సెంటీమీటరుకు సుమారు 20 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌లా ప్రవర్తిస్తుంది. సెకనుకు 10 మిల్లీవోల్టుల వేగంతో దాన్ని నింపడానికే 0.2 మైక్రోఆంపియర్లు పోతాయి. 10 మైక్రోఆంపియర్లతో కరిగే మైల్డ్ స్టీల్‌కు అది లెక్కలోకి రాదు. నిష్క్రియ స్థితిలోని, అంటే రక్షణ పొర వల్ల దాదాపు కరగని, స్టెయిన్‌లెస్ స్టీల్ అసలు కరెంటే 0.1 మైక్రోఆంపియర్ ఉంటే, మీరు కొలిచినదానిలో అత్యధిక భాగం తుప్పు కాదు, కెపాసిటర్ నింపిన కరెంటు.

స్టెయిన్‌లెస్ స్టీల్ ప్రస్తావన వచ్చింది కనుక, గుంటల తుప్పు గురించి. ఇక్కడ ఏడాదికి ఇన్ని మిల్లీమీటర్లు అన్న మాటే తప్పుదారి పట్టిస్తుంది. ముఖమంతా అద్దంలా ఉండి ఒక్కచోట చిల్లు పడితే, సగటు రేటు ఎంత చిన్నదైనా ట్యాంకు కారుతుంది. ఇందుకు చక్రీయ పోలరైజేషన్ వాడతాం. పొటెన్షియల్‌ను పైకి తీసుకువెళ్ళి, కరెంటు ఉన్నట్టుండి ఎగసిన చోటును గుంట పొటెన్షియల్‌గా గుర్తించి, వెనక్కి తిప్పి, కరెంటు మళ్ళీ అణగిన చోటును పునర్నిష్క్రియ పొటెన్షియల్‌గా గుర్తిస్తాం. మొదటిది స్వభావరీత్యా అటూ ఇటూ చెదిరే రాశి. ఒక్క నమూనాతో దాన్ని ప్రకటించకూడదు, కనీసం ఐదారు కావాలి.

నేను ఈ పని కొత్తగా చేస్తున్న రోజుల్లో, రెసిన్‌లో పోతపోసిన 304 స్టీల్ నమూనాలకు గుంట పొటెన్షియల్ అనుమానం కలిగేంత తక్కువగా వస్తూ వచ్చింది. లోహమే నాసిరకమని నివేదిక కూడా సిద్ధం చేశాను. పంపేముందు ఒక నమూనాను మైక్రోస్కోపు కింద పెట్టి 50 రెట్లు పెంచి చూశాను. ముఖం మీద 600 నంబరు ఎమరీ కాగితం గీతలు పొద్దున గీసినట్టే సమాంతరంగా, చెక్కుచెదరకుండా ఉన్నాయి. గుంట ఒక్కటీ లేదు. రెసిన్ లోహాన్ని తాకే అంచు వెంట మాత్రం సన్నటి నల్లటి గీత ఉంది. రెసిన్ ఆరుతూ కొద్దిగా కుంచించుకుపోయి, ఆ సందులోకి ఉప్పునీరు దూరి, అక్కడ సందు తుప్పు మొదలైంది. నేను కొలిచింది లోహం గుణాన్ని కాదు, నా పోత గుణాన్ని. ఆ నివేదికను చించేశాను. అప్పటి నుంచి ప్రతి పరీక్ష తర్వాత నమూనా ముఖాన్ని మైక్రోస్కోపులో చూడకుండా ఏ కర్వ్ మీదా మాట్లాడను. అంచు దగ్గర శుద్ధజలం ఊరేలా చేసి సందు తుప్పును అడ్డుకునే సెల్‌లు ఉన్నాయి, ఏఎస్‌టీఎం జీ150 పరీక్షలో వాడేది అలాంటిదే. వీలైతే దాన్ని వాడండి.

ఇంపెడెన్స్ ఈ బాధలన్నీ తీరుస్తుందా అని అడిగారు. తీర్చదు, అయితే వేరే పద్ధతులు చెప్పలేనిది అది చెబుతుంది. చిన్న ఏకాంతర వోల్టేజిని, సాధారణంగా 10 మిల్లీవోల్టులు, 1,00,000 హెర్ట్జ్ నుంచి 0.01 హెర్ట్జ్ దాకా ఇస్తూ పోతే, ద్రావణం నిరోధం ఒకచోట, ఉపరితల చర్య నిరోధం మరోచోట విడివిడిగా కనిపిస్తాయి. పెయింటు పూసిన లోహానికి దీన్ని మించిన పద్ధతి లేదు. మంచి పూత తక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర చదరపు సెంటీమీటరుకు వంద కోట్ల ఓములు చూపిస్తుంది. అది పది లక్షలకు పడిపోయిందంటే, పైకి పొక్కు కనబడకపోయినా నీరు లోపలికి చేరిందని అర్థం.

చిక్కల్లా తక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గరే. 0.01 హెర్ట్జ్ దగ్గర ఒక్క చక్రానికే 100 సెకన్లు, 0.001 దగ్గర 1,000 సెకన్లు పడుతుంది. డెకేడ్‌కు పది బిందువులు, ఒక్కో బిందువుకు ఒక్క చక్రం చొప్పున తీసుకున్నా, ఆ చివరి డెకేడ్‌కే గంటకు పైగా పడుతుంది. ఆ గంటలో మీ మైల్డ్ స్టీల్ మారకుండా కూర్చోదు. అందుకే కొలుస్తుండగా లోహం మారిందో లేదో పట్టిచ్చే క్రామర్స్–క్రోనిగ్ పరీక్షతో డేటాను సరిచూడకుండా ముందుకు వెళ్ళవద్దు. ఇక సమాన సర్క్యూట్ల, అంటే లోహపు ఉపరితలంలా ప్రవర్తించే నిరోధకాల, కెపాసిటర్ల అమరికల, విషయం. 1947లో రాండల్స్ ఇచ్చిన సరళమైన సర్క్యూట్‌తో మొదలుపెట్టండి. గీత సరిపోలేదని ఒక్కొక్క భాగం కలుపుతూ పోతే చివరికి ఏ డేటాకైనా సరిపోయే సర్క్యూట్ దొరుకుతుంది, ఒకే డేటాకు రెండు మూడు సర్క్యూట్లు సమానంగా సరిపోతాయి కూడా. మీరు కలిపిన ప్రతి భాగానికీ ఉపరితలం మీద ఒక భౌతిక వస్తువును వేలుపెట్టి చూపగలగాలి. చూపలేకపోతే తీసేయండి. గాల్వానిక్ కరెంటు, విద్యుద్రసాయన నాయిస్ పద్ధతులు ఇప్పుడు వద్దు, ఏడాది తర్వాత చూడవచ్చు.

ఇక రాబోయే నెలలో ఏం చేయాలో చెబుతాను. కొత్తగా మూడు ముక్కలు కోసి, మూడింటినీ 600 నంబరు దాకా ఒకే తీరున రుద్ది, ఆల్కహాల్‌తో కడిగి, తగిలే వైశాల్యాన్ని కొలిచి రాసుకోండి. ప్రతి ముక్కకూ కొత్త ద్రావణం వాడండి. పొటెన్షియల్ నిలదొక్కుకున్నాక, ముందు ఇంపెడెన్స్, తర్వాత పోలరైజేషన్ నిరోధం తీయండి. ఈ రెండింటి నుంచీ వచ్చిన నిరోధాలు దగ్గరగా ఉండాలి, లేకపోతే కారణం వెతకండి. టాఫెల్ కర్వ్ అన్నిటికన్నా చివర, ఒక్కసారే. వాటి పక్కనే అదే ద్రావణంలో, పది చదరపు సెంటీమీటర్ల ఉపరితలం ఉన్న మరో మూడు ముక్కలను తూచి 30 రోజులు వేలాడదీయండి, వారానికి రెండుసార్లు వాటి పోలరైజేషన్ నిరోధాన్ని కొలుస్తూ ఉండండి. కరెంటు 10 మైక్రోఆంపియర్లే అయితే నెల తిరిగేసరికి ఒక్కో ముక్క సుమారు 75 మిల్లీగ్రాములు తగ్గాలి, అది మీ తక్కెడకు సులువుగా దొరికే బరువు. తూచేముందు తుప్పును తొలగించడానికి ఏఎస్‌టీఎం జీ1లో చెప్పిన ద్రావణాలలో ఒకదాన్ని వాడండి, తుప్పు పట్టని ముక్కనొకదాన్ని కూడా అదే ద్రావణంలో అంతేసేపు ఉంచి, శుభ్రపరచడంలోనే ఎంత లోహం పోతుందో తీసివేయండి. తూకం 75 బదులు 150 చూపిస్తే, మీరు వాడవలసిన స్థిరాంకం 26 కాదు, 52కు దగ్గరగా ఉందని ఆ ముక్కలే మీకు చెబుతాయి. అప్పుడు ముడి కర్వ్‌లు, వైశాల్యాలు, తూకాలు కలిపి పంపండి, సాఫ్ట్‌వేర్ ఇచ్చిన రేట్లు అక్కర్లేదు.